మద్రాసు నుంచి వచ్చిన పోచంపల్లి ఇంద్రాణి

ఢిల్లీ పక్కన వైశాలిలో తానుండే అపార్ట్‌మెంట్లలో ఇంద్రాణికి రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, ఎవరైనా తనను 'మద్రాసీ' అంటే ఊరుకోదు. కూరగాయల భయ్యా అయినా, సొసైటీ ప్రెసిడెంటు గారైనా సరే, నిలబెట్టి హైదరాబాదు ఎక్కడుందో, దాని పక్కన పోచంపల్లి ఎక్కడుందో, అక్కడికి మద్రాసు ఎంత దూరమో గాలిలో వేలితో పటం గీసి మరీ చెబుతుంది. ఆ పాఠం పూర్తయ్యేలోపు భయ్యా చేతిలో కొత్తిమీర వాడిపోయిన సందర్భాలున్నాయి. రెండోది, ఆమెకు నేత వచ్చు. దారానికే ముందు రంగులద్ది నేసే ఇకత్ అంటే ఆమెకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య.

మొదటిది నూటికి నూరుపాళ్ళూ నిజం. రెండో దాని గురించే కాస్త చెప్పుకోవాలి.

ఆమె పుట్టింది నేతవాళ్ళ ఇంట్లోనే, అందులో అబద్ధం లేదు. ముందు గది నిండా మగ్గమే. నాన్న గుంటలో కాళ్ళు దింపుకుని కూర్చుని నేస్తుంటే, బడికి పోవాలంటే ఆ గుంట అంచున ఒంటికాలి మీద గెంతుతూ పోవాలి. అమ్మ ఆసు పోసేది. అంటే, చీరకు అడ్డంగా పడే దారాన్నంతా మేకులు కొట్టిన చెక్క చట్రం మీద చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పరిచేది. ఆ పని చేసీ చేసీ అమ్మ కుడిభుజం ఎడమభుజం కన్నా కిందికి జారిపోయింది.

"రా బిడ్డా, జరసేపు నువ్వు పొయ్యి" అంటే ఇంద్రాణి వెంటనే పుస్తకం తెరిచేది.

"రేపు పరీక్షుందమ్మా."

ఏడాది పొడుగునా ఆమెకు రేపు పరీక్షే. అన్ని పరీక్షలు రాసిన పిల్ల డిగ్రీ అత్తెసరు మార్కులతో ఎందుకు గట్టెక్కిందో అమ్మ ఏనాడూ అడగలేదు. అడిగే తీరిక ఆసు ఇవ్వలేదు. అలా ఇంద్రాణి నేత నేర్చుకోలేదు, చదువూ పెద్దగా నేర్చుకోలేదు, మంగళగిరి అబ్బాయి శ్రీరాములును పెళ్ళి చేసుకుని ఢిల్లీ వచ్చేసింది. ఆయనా నేతవాళ్ళ ఇంటి పిల్లాడే. ఆయనా మగ్గం ముట్టుకోలేదు. నీళ్ళ పంపులు తయారు చేసే కంపెనీలో మేనేజరు. కాబట్టి ఆ ఇంట్లో మంగళగిరి గొప్పా పోచంపల్లి గొప్పా అన్న వాదన ఎన్నేళ్ళు సాగినా, నేయడం రాని ఇద్దరి మధ్యే సాగింది.

నేతలో ఆమెకు పేరు ఎలా వచ్చిందంటే, ఒక చలికాలం మధ్యాహ్నం పార్కులో ఆడవాళ్ళందరూ ఎండకు వీపులు పెట్టి కూర్చున్నారు. ఇంద్రాణి కట్టుకున్న చీర చూసి ఒకావిడ, "మీ పుట్టింటి వాళ్ళు నేసిందా?" అంది. అవునంది. "అయితే మీకూ వచ్చా?" అంది. అప్పుడు ఇంద్రాణి నోటినిండా గజక్ ఉంది. పళ్ళకు అంటుకున్న ఆ నువ్వుల బెల్లం పాకంతో లేదు అని చెప్పడం కష్టం, తల ఊపడం తేలిక. ఊపింది. ఆ ఊపు ఆమెతో ఆగలేదు. మూడో టవర్‌కు వెళ్ళేసరికి ఆమె ఇంట్లో చిన్న మగ్గం ఉంది. తర్వాతి చలికాలానికి ఆమె ఒక మంత్రిగారి భార్యకు చీర నేసిపెట్టింది. ఇంద్రాణి ఇవేవీ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

ఇక కూతురు శ్రీవల్లి. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల. అమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్ల హిందీలో జవాబిస్తుంది, ఇద్దరికీ అన్నీ అర్థమవుతాయి. ఒక్కటి మాత్రం ఇంద్రాణికి మరీ బాగా అర్థమయ్యేది. బడిలో ఉన్నప్పుడు పేరెంట్స్ మీటింగ్‌కు "మమ్మీ, పాపాను పంపించు, నువ్వెందుకు అలసిపోతావు" అనేది శ్రీవల్లి. మీటింగ్‌లో కుర్చీలో కూర్చోవడానికి అలసట ఏమిటో ఇంద్రాణికి తెలియకపోలేదు. తన హిందీలో ఆడా మగా తారుమారవుతాయి. బస్సు వస్తాడు, ప్రిన్సిపాల్ మేడమ్ వెళ్తాడు. పిల్లకు నామోషీ.

ఇప్పుడు అదే పిల్ల కాలేజీలో టెక్స్‌టైల్ డిజైన్ చదువుతోంది. మార్చిలో ఒక సాయంత్రం బ్యాగు సోఫా మీదికి విసిరేసి, వంటింట్లోకి వచ్చి, వెనకనుంచి అమ్మ మెడచుట్టూ చేతులు వేసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే తప్ప అలా వేసింది కాదు. క్లాసులో ఇకత్ మీద పాఠం వచ్చిందట. "మా అమ్మ పోచంపల్లి, మా అమ్మకు ఇదంతా వచ్చు" అని శ్రీవల్లి చెప్పిందట. క్లాసంతా వెనక్కి తిరిగి చూసిందట.

"మా టీచర్ నందా మేడమ్ నిన్ను పిలుస్తున్నారు మమ్మీ. డెమో ఇవ్వాలి. నేను హాఁ అనేశాను. ప్లీజ్!"

శ్రీరాములు హాల్లో పేపరు దించి, ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఇంద్రాణి అటు ఒక చూపు చూసింది. నోరు మూసుకుని పేపరు మళ్ళీ పైకెత్తాడు.

"నాకు రాదు బిడ్డా" అనేస్తే అయిపోయేది. కానీ మెడచుట్టూ ఆ చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. రాదు అంటే అవి తీసేస్తుంది. తీసేసి, మళ్ళీ "పాపాను పంపించు" అనే రోజుల్లోకి వెళ్ళిపోతుంది.

"ఎన్నడు రమ్మన్నరు?" అంది ఇంద్రాణి.

మర్నాడు ఫోన్లో వెతికితే కరోల్ బాగ్‌లో ఒక చోట శనివారాలు ఇకత్ నేర్పుతారని కనిపించింది. వైశాలి నుంచి మెట్రోలో మారకుండా వెళ్ళిపోవచ్చు. ఇంట్లో ఏం చెప్పాలి? మోకాళ్ళ నొప్పులకు ఫిజియోథెరపీ అని చెప్పింది. అప్పటికి ఆమె మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి.

ఆ క్లాసు సివిల్స్ కోచింగ్ సెంటర్ ఉన్న భవనంలోనే పై అంతస్తులో. మెట్ల మీద మన తెలుగు పిల్లలే పుస్తకాలు పట్టుకుని వేలాడుతుంటారు. ఇంద్రాణి ఆయాసపడుతూ ఎక్కుతుంటే ఒకడు ఇంకొకడితో, "ఈ ఆంటీ కూడా ప్రిపేరవుతుందేమోరా" అన్నాడు. "అటెంప్ట్‌లు ఎప్పుడో అయిపోయుంటాయి, పాపం" అన్నాడు రెండోవాడు. తిరిగి నాలుగు తిట్టాలని నాలుక దురద పెట్టింది. ఎవరి కంటా పడకుండా పోదామని వచ్చింది కదా, మింగేసింది.

నేర్పే అమ్మాయి పేరు హర్లీన్. పంజాబీ పిల్ల. గది గోడలనిండా ఫొటోలు. ఒక ఫొటోలో వీధి చూసి ఇంద్రాణి గుండె జారింది. అది తన పుట్టింటి వెనక వీధి.

"నేనక్కడ ఉండి నేర్చుకున్నాను ఆంటీజీ" అంది హర్లీన్ హిందీలో. "ఇల్లిల్లూ నాకు తెలుసు. మీదే ఊరు?"

జీవితంలో ఏ మాట ఎవరి నోట వినబడినా ఇంద్రాణికి ఒళ్ళు మండిపోయేదో, ఆ మాట తన నోట్లోంచే, అదీ ఎంతో వినయంగా బయటికి వచ్చింది.

"మద్రాస్."

"అచ్ఛా! ఇడ్లీ, సాంబార్!" అంది హర్లీన్ సంబరంగా.

"హాఁ" అంది ఇంద్రాణి.

అక్కడినుంచి శనివారం శనివారం ఒక విచిత్రం నడిచింది. పంజాబీ పిల్ల పోచంపల్లి ఆడబిడ్డకు తెలుగు మాటలు నేర్పేది. "ఈ నిలువు దారాల్ని పడుగు అంటారు ఆంటీజీ. చెప్పండి, ప... డు... గు." మరీ శుద్ధంగా పలికితే అనుమానం వస్తుందని ఇంద్రాణి "పదుగూ" అనేది. "పర్వాలేదు, తమిళ్ వాళ్ళకు కొంచెం కష్టమే" అని హర్లీన్ ఓదార్చేది. అడ్డదారం పేక. దారాల గుత్తిని సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో బిగించి చుట్టడం చిటికి కట్టడం. ఇవన్నీ చెవిలో పడి పెరిగిన మాటలే. చేతులకు మాత్రం కొత్త.

చేతులకు ఎంత కొత్తంటే, అసలు సూత్రమే తలకెక్కలేదు. చుట్టిన చోటికి రంగు పోదు. విప్పితే అక్కడ తెలుపు తెలుపుగానే ఉంటుంది. కాబట్టి ఏది తెల్లగా ఉండాలో దాన్నే కట్టాలి. ఇంద్రాణి ఏ పువ్వు ఎర్రగా రావాలో ఆ పువ్వును ముద్దుగా, గట్టిగా కట్టేది. రంగులో ముంచి విప్పితే చుట్టూ అంతా ఎరుపు, పువ్వు మాత్రం బోసిగా తెల్లగా వెక్కిరించేది.

"ఆంటీజీ, ఈ తప్పు అందరూ ఒకసారి చేస్తారు" అంది హర్లీన్ నవ్వు ఆపుకుంటూ. "మీరు ప్రతిసారీ చేస్తున్నారు!"

నేల మీద మఠం వేసుకుని గంటలు గంటలు కూర్చోవడంతో ఇంద్రాణికి మోకాళ్ళ నొప్పులు నిజంగానే పట్టుకున్నాయి. కుంటుకుంటూ ఇంటికొస్తే శ్రీరాములు తలుపు తీసి, "ఏంటే, ఫిజియోథెరపీకి వెళ్ళిన దగ్గర్నుంచీ నడక పాడైపోతోంది? ఆ డాక్టరు మోకాళ్ళ డాక్టరేనా?" అనేవాడు.

ఇంట్లో కూడా సాధన మొదలుపెట్టింది. బాత్రూములో ఒక బకెట్ ఎర్ర రంగు. చేతులు మోచేతుల దాకా దానిమ్మ గింజల్లా తయారయ్యాయి. హోలీ రంగులు, పోవట్లేదు అంది. హోలీ వెళ్ళి చాలా రోజులైంది. ఒక ఆదివారం శ్రీరాములు స్నానం చేసి బయటికొచ్చాడు. బనియన్ లేత గులాబీ రంగులో ఉంది.

"మా మంగళగిరోళ్ళం ఉన్నదున్నట్టు నేసి, అంచు వేసి వదిలేస్తాం. మీలాగా దారానికి ముళ్ళేసి లోకాన్ని తికమక పెట్టం" అన్నాడు బనియన్ పట్టుకుని చూపిస్తూ. "పోనీ, ఇది మీ ఫిజియోథెరపీ డాక్టరు రాసిన మందేనా?"

ఇంద్రాణి గడ్డం పైకెత్తింది. "మా దిక్కు గిట్లనే చేస్తరు."

ఈ గడ్డం ఎత్తడం, ఈ మాట, ఆ ఇంట్లో పాతవే. పప్పులో ఉప్పు ఎక్కువైన రోజున, అట్టు మాడిన రోజున, పులిహోర ముద్దైన రోజున ఇంద్రాణి సరిగ్గా అలాగే గడ్డం పైకెత్తి, సరిగ్గా అదే మాట అంటుంది. మా దిక్కు గిట్లనే చేస్తరు. దాంతో తప్పు కాస్తా సంప్రదాయమైపోతుంది. తండ్రీ కూతుళ్ళు నోరెత్తకుండా తినేస్తారు.

డెమో దగ్గరపడింది. ఏం చేయాలో ఇంద్రాణి బాగా ఆలోచించుకుంది. మగ్గం జోలికి పోకూడదు. ఒక చెక్క చట్రం మీద బిగించిన దారాల్ని ముందే కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి తీసుకుపోవాలి. పిల్లలందరి ముందూ ముళ్ళు విప్పాలి. విప్పుతుంటే బొమ్మ బయటపడుతుంది, పిల్లలు ఆహా అంటారు, ఇంటికొచ్చేయవచ్చు. తెల్ల నేల మీద ఎర్ర వజ్రాలు. అంటే వజ్రాల్ని వదిలేసి, చుట్టూ ఉన్న నేలనంతా కట్టాలి. ఈసారి తప్పు చేయకూడదని 'నేల, నేల' అని జపం చేసుకుంటూ కట్టింది.

సగం అయ్యింది. గుమ్మం గంట మోగింది. తలనొప్పని శ్రీరాములు ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాడు. చట్రం వాషింగ్ మెషిన్ వెనక్కి పోయింది. మర్నాడు ఆయన వెళ్ళాక బయటికి లాగి, మిగతా సగం మొదలుపెట్టింది. దారాల మీద పెన్సిలు గీతలున్నాయి కానీ, ఏ వైపు కట్టాలో గీతలు చెప్పవు కదా. నిన్నటి జపం నిన్నటితో పోయింది. పాత చేయి పాత పనే చేసింది. వజ్రాల్ని ముద్దుగా, గట్టిగా కట్టింది. రంగులో ముంచింది. ఆరేసింది. ముళ్ళు విప్పితేగానీ తెలియని విద్య అది. విప్పేది కాలేజీలో.

డెమో రోజు శ్రీవల్లి అమ్మను మెట్రో నుంచి క్లాసుదాకా చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. ఎదురైన ప్రతివాళ్ళకూ "మేరీ మమ్మీ" అని చెబుతూనే ఉంది. ఇంద్రాణికి ఆ నడక అక్కడే ఆగిపోతే బాగుండునన్నంత హాయిగా ఉంది, భయంగానూ ఉంది.

మాటలతో మొదలుపెట్టింది. ఇందులో మాత్రం ఆమెను ఎవరూ తప్పు పట్టలేరు. ముందు గదిలో మగ్గం గుంట, తెల్లవారకముందే మొదలయ్యే చప్పుడు, అన్నానికి పిలిస్తే "ఇగో ఇంకో బెత్తెడు" అనే నాన్న, జారిపోయిన అమ్మ భుజం. హిందీలో ఆడా మగా తారుమారవుతూనే ఉన్నాయి. నాన్న నేసింది, అమ్మ ఆసు పోశాడు. ఎవరూ నవ్వలేదు. కొందరు రాసుకుంటున్నారు కూడా. శ్రీవల్లి ముందు వరసలో కళ్ళు మెరిపిస్తూ కూర్చుంది.

"మీకొక సర్‌ప్రైజ్" అంది నందా మేడమ్. "ఇకత్ తెలిసిన ఇంకొకరిని కూడా పిలిచాను. ఇదిగో వచ్చారు."

తలుపు దగ్గర హర్లీన్.

హర్లీన్ చూసింది. ఆగింది. మొహం విప్పారింది. "అరే! మద్రాస్ వాలీ ఆంటీజీ! మీరిక్కడ?"

క్లాసంతా ఇంద్రాణి వైపు తిరిగింది.

"మద్రాసా?" అంది శ్రీవల్లి. "మా మమ్మీది పోచంపల్లి. ఈ రోజు డెమో ఇచ్చేది మమ్మీనే."

హర్లీన్ చేయి నోటి మీదికి పోయింది. ఆ అమ్మాయి మొహంలో ఒక్కొక్కటిగా ఏమేం తిరుగుతున్నాయో ఇంద్రాణికి స్పష్టంగా కనిపించింది. ప-డు-గు అని పలికించడం. తమిళ్ వాళ్ళకు కష్టమే అనడం. ఇడ్లీ, సాంబార్. ఇంక అయిపోయింది అనుకుని ఇంద్రాణి కూతురి వైపు చూడలేక చట్రం వైపు చూసింది.

"ఆంటీజీ," అంది హర్లీన్ గొంతు తగ్గించి, "మీరు... మీరు నాకు పరీక్ష పెట్టారా? మీ విద్యను మేము ఎలా నేర్పుతున్నామో చూడ్డానికి ఊరు మార్చి చెప్పి వచ్చారా?"

ఈసారి ఇంద్రాణి నోట్లో గజక్ కూడా లేదు. అయినా తల ఊపింది.

హర్లీన్ వంగి ఆమె పాదాలు ముట్టుకుంది. నందా మేడమ్ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "ప్రతిసారీ అదే తప్పు చేసేవారు" అని హర్లీన్ అందరికీ చెబుతోంది. "నాకు విసుగొస్తుందా రాదా అని చూశారన్నమాట!"

చిన్నప్పుడు ఏడాదంతా లేని పరీక్షలు కల్పించి తప్పించుకున్న మనిషి, చివరికి ఎదుటివాళ్ళకు పరీక్ష పెట్టిన గురువైపోయింది. ఇంక ముళ్ళు విప్పక తప్పదు.

"చూడండి," అంది ఇంద్రాణి ధైర్యం కూడగట్టుకుని, "తెల్ల నేల మీద ఎర్ర వజ్రాలు వస్తయి."

ఒక చివరనుంచి రబ్బరు పట్టీలు లాగడం మొదలుపెట్టింది. వచ్చాయి. తెల్లటి నేల మీద ఎర్రటి వజ్రాలు, అంచులు కొంచెం చెదిరి, ఇకత్‌కు ఉండాల్సిన వణుకుతో, అచ్చం అమ్మ చేతిలోంచి వచ్చినట్టే. పిల్లలు ఆహా అన్నారు. ఇంద్రాణికే కళ్ళు చెమ్మగిల్లాయి. నేను చేసిన్నా ఇది?

మధ్యకొచ్చేసరికి నేల ఎర్రబడింది. అక్కడినుంచి చివరిదాకా ఎర్ర నేల మీద తెల్ల వజ్రాలు. వాషింగ్ మెషిన్ ఎక్కడ అడ్డుపడిందో గీత గీసినట్టు తెలిసిపోతోంది.

ఇంద్రాణి చివరి పట్టీ ముక్కను చట్రం పక్కన పెట్టింది. తర్వాత గడ్డం మెల్లగా పైకి లేచింది.

"హమారే యహాఁ ఐసే హీ కర్తే హైఁ" అంది. మా దిక్కు గిట్లనే చేస్తరు, ఈసారి హిందీలో.

చప్పట్లు మోగిపోయాయి. ఒకే పడుగులో వెలుగూ నీడా అంది నందా మేడమ్. తప్పునూ ఒప్పునూ పక్కపక్కన పెట్టి చూపించారు, ఇంతకన్నా పాఠం ఏముంది అంది హర్లీన్, ఇకనుంచి ప్రతి శనివారం వచ్చి తన క్లాసును పరిశీలించాలని చేతులు పట్టుకుంది. అందరూ ఫోన్లు తీసి ఫొటోలు తీసుకున్నారు.

ఒక్క శ్రీవల్లి మాత్రం చప్పట్లు కొట్టడం మధ్యలో ఆపేసింది. అమ్మ గడ్డం వైపు చూస్తోంది.

తిరుగు మెట్రోలో ఇద్దరికీ సీట్లు దొరికాయి. దుప్పట్లో చుట్టిన చట్రం కాళ్ళ మధ్య నిలబెట్టుకుని ఇంద్రాణి కిటికీలోంచి బయటికి చూస్తోంది. యమున మీద వంతెన వచ్చింది, పోయింది. పిల్ల ఓరగా అమ్మ గడ్డం వైపే చూస్తోంది. ఇక రేపటినుంచి పాపాను పంపించు అంటుంది కాబోలు.

"అమ్మా" అంది శ్రీవల్లి.

మమ్మీ కాదు, అమ్మా. ఇంద్రాణి తల తిప్పింది.

"ఉప్పు... ఎక్కువ అయ్యింది కదా?" వచ్చీరాని తెలుగులో, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ అడిగింది పిల్ల.

ఇంద్రాణి గడ్డం పైకి లేవబోయింది. సగంలో ఆగి, దిగిపోయింది.

"జరంత" అంది.

శ్రీవల్లికి ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చింది. వెక్కిరింపు నవ్వు కాదది. పక్కనున్నవాళ్ళను కూడా తగులుకునే నవ్వు. ఇంద్రాణికీ తగులుకుంది. నవ్వీ నవ్వీ పిల్ల అమ్మ భుజం మీద తల వాల్చి, ఎర్రబారిన ఆ వేళ్ళను తన చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"నా కోసమా?"

ఇంద్రాణి ఈసారి తల ఊపలేదు. తల ఊపితే ఏమవుతుందో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు.

"శనివారం నేను కూడా వస్తా" అంది శ్రీవల్లి. "ఇద్దరం నేర్చుకుందాం. నన్ను కూడా మద్రాస్ అని చెప్తావా?"

"ఛీ! మనం మద్రాసోళ్ళం కాదే!" అంది ఇంద్రాణి, బోగీలో సగం మంది తిరిగి చూసేంత గట్టిగా. ఆపైన ఒక చేత్తో చట్రం పట్టుకుని, రెండో చేతి వేలితో, హైదరాబాదు ఎక్కడుందో గాలిలో గీయడం మొదలుపెట్టింది.